ఒక చెవి మూగబోయినప్పుడు: చూపు ఎందుకు జారుతుంది, మెదడు ఎలా సర్దుకుంటుంది

ఈ వాక్యం చదువుతూనే తలను అటూ ఇటూ కాస్త జోరుగా ఊపి చూడండి, ‘కాదు కాదు’ అన్నట్టు. అక్షరాలు చెదరవు. ఇప్పుడు తలను కదలనివ్వకుండా ఫోన్‌ను అదే జోరుతో అటూ ఇటూ ఆడించండి. ఒక్క ముక్క చదవలేరు. రెండుసార్లూ కంటికీ అక్షరానికీ మధ్య కదలిక ఒకటే. కానీ తల కదిలినప్పుడు ఆ కబురు లోపలి చెవి నుంచి కంటి కండరాలకు నేరుగా చేరిపోతుంది. ఫోన్ కదిలినప్పుడు మాత్రం కన్ను తనే చూసి, కనిపెట్టి, దాని వెంట పడాలి.

చెవి నుంచి కంటికి వెళ్ళే ఈ అసంకల్పిత చర్య పేరు వెస్టిబ్యులో ఆక్యులర్ రిఫ్లెక్స్. పొట్టిగా వీఓఆర్ అంటారు. చెవి నుంచి ఒక నరకణం, మెదడు కాండంలో ఇంకొకటి, అక్కణ్ణుంచి కంటి కండరానికి మూడోది, అంతే. దారి ఇంత చిన్నది కాబట్టే తల కదలడం మొదలైన 10 మిల్లీసెకన్ల లోపే కన్ను అంతే వేగంతో ఎదురు దిక్కుకు తిరుగుతుంది. చూసి వెంబడించాలంటే 100 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మామూలుగా నడుస్తున్నప్పుడే మన తల సెకనుకు దాదాపు రెండుసార్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఒట్టి చూపు ఆ వేగాన్ని అందుకోలేదు. స్ట్రెప్టోమైసిన్ మందు వల్ల రెండు వైపులా ఈ శక్తి పోగొట్టుకున్న ఒక వైద్యుడు తన పరిస్థితిని 1952లో ఒక వైద్య పత్రికలో రాశాడు. మంచం మీద చదువుకోవాలంటే ఆయన తలను మంచం ఊచల మధ్య ఇరికించుకోవాల్సి వచ్చేది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తలలో పుట్టే సన్నని అదురుకే అక్షరాలు చెదిరిపోయేవి.

ఆయనకు పోయింది రెండు వైపులా. ఒకవైపే పోతే? సగం బాధే ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఒక మూత్రపిండం పోయినా రెండోది నెట్టుకొస్తుంది కదా, ఇదీ అంతే అనుకుంటాం. లోపలి చెవి విషయంలో ఆ లెక్క పనిచేయదు. రెండూ ఒకేసారి సమానంగా పోయిన మనిషికి గిర్రున తిరుగుతున్నట్టు ఉండదు. నడక తూలుతుంది, చూపు అదురుతుంది, కానీ లోకం తిరగదు. ఒకవైపే హఠాత్తుగా పోయిన మనిషికి గది మొత్తం తిరుగుతుంది, తల ఎత్తితే వాంతి, లేచి నిలబడితే ఒకే పక్కకు కూలిపోవడం. మొదటి వారంలో ఒకవైపు నష్టమే ఎక్కువ భయంకరంగా ఉంటుంది. ఎందుకలా అన్నది అర్థమైతే ఆ తర్వాత చేసే చికిత్స అంతా అర్థమైనట్టే.

ఒక్కో లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి. తల ఎటు తిరిగినా ఆ తిరుగుడును కొలిచేవి అవి. తల ఎటు ఒరిగిందో చెప్పడానికి యుట్రికిల్, సాక్యూల్ అనే రెండు చిన్న సంచులు వేరే ఉంటాయి. తల తిరిగినప్పుడు నాళంలోని ద్రవం వెంటనే కదలక కాస్త వెనకబడుతుంది, ఆ వెనకబాటుకు రోమకణాలు వంగుతాయి, ఆ వంపు నరంలో సంకేతమవుతుంది. ఇంతవరకు బడి పుస్తకాల్లోనే ఉంది. అసలు కీలకం మరొకటి: తల రవ్వంత కదలకపోయినా ఈ నరం ఊరుకోదు. కోతుల్లో కొలిచి చూస్తే, ఏ కదలికా లేనప్పుడు కూడా ఒక్కో నరపోగు సగటున సెకనుకు 90 సంకేతాల దాకా పంపుతూనే ఉంది.

తలను ఎడమకు తిప్పామనుకోండి. ఎడమవైపు సంకేతాలు 90 నుంచి, ఉదాహరణకు, 130కి పెరుగుతాయి. అదే క్షణంలో కుడివైపువి 50కి తగ్గుతాయి. మెదడు పట్టించుకునేది ఈ రెండింటి మధ్య తేడాను. తేడా సున్నా అయితే తల నిలకడగా ఉన్నట్టు లెక్క. ఎడమ ఎక్కువైతే ఎడమకు తిరుగుతున్నట్టు, కుడి ఎక్కువైతే కుడికి.

ఇప్పుడు కుడి నరం దెబ్బతిని ఆగిపోయింది. మనిషి కదలకుండా పడుకున్నా ఎడమ నుంచి 90, కుడి నుంచి సున్నా. మెదడుకు దీని అర్థం ఒకటే: తల ఎడమకు అతి వేగంగా, ఆగకుండా తిరుగుతోంది. జోడెడ్ల బండిలో ఒక ఎద్దు కూలబడితే బండి సగం వేగంతో తిన్నగా పోదు, పడిన ఎద్దు వైపుకే గిర్రున తిరుగుతుంది. ఇక్కడా అంతే. లేని తిరుగుడుకు బదులు చెప్పాలని కళ్ళు మెల్లగా కుడికి, అంటే దెబ్బతిన్న వైపుకు జారతాయి. మెదడు వాటిని ఒక్క ఉదుటున ఎడమకు లాగుతుంది. మళ్ళీ జారతాయి, మళ్ళీ లాగుతుంది. దీన్నే నిస్టాగ్మస్ అంటారు. వేగంగా లాగే దిక్కు బాగున్న చెవి వైపు ఉంటుంది. బాగున్న వైపుకే చూస్తే ఈ కొట్టుకోవడం ఎక్కువవుతుంది, దెబ్బతిన్న వైపు చూస్తే తగ్గుతుంది. నిలబడినప్పుడు మాత్రం ఒళ్ళు దెబ్బతిన్న వైపుకే ఒరుగుతుంది. చీకట్లో ఒక గీతను నిలువుగా పెట్టమంటే దాన్ని కూడా ఆ వైపుకే కాస్త వంచి పెడతారు. తల ఎటు ఒరిగిందో చెప్పే సంచుల లెక్క కూడా తప్పింది కాబట్టి.

కళ్ళు మూసుకుంటే ఈ తిరుగుడు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎదురుగా ఏదో ఒక వస్తువు మీద చూపు నిలిపితే కళ్ళ కొట్టుకోవడం తగ్గుతుంది, చూపు ఆనడానికి ఏమీ లేకపోతే పెరుగుతుంది. అందుకే వైద్యులు రోగికి ఫ్రెంజెల్ అనే మందపాటి అద్దాల కళ్ళజోడు పెడతారు. వాటిలోంచి రోగికి అన్నీ మసకే, చూపు ఆనే చోటుండదు. అప్పటిదాకా దాక్కున్న నిస్టాగ్మస్ బయటపడుతుంది.

ఈ స్థితికి కారణాలు కొన్ని. ఎక్కువగా చూసేది వెస్టిబ్యులర్ న్యూరైటిస్, అంటే సమతౌల్య నరానికి వచ్చే వాపు. లోపల దాగిన హెర్పిస్ వైరస్ మళ్ళీ లేవడం వల్ల కావచ్చని అంచనా. ఇందులో వినికిడి చెడదు. వినికిడి కూడా పోతే లాబిరింథైటిస్ అంటారు. తలకు బలమైన దెబ్బ తగలడం, లోపలి చెవి ఉండుండి మొరాయించే మెనియర్స్ వ్యాధి, ఆ నరం మీద పెరిగే ష్వానోమా అనే గడ్డ, దాని ఆపరేషన్ కూడా కారణాలే. కారణం ఏదైనా మెదడు ఎదుర్కొనే సమస్య మాత్రం ఆ 90కీ సున్నాకీ ఉన్న తేడాయే.

ఇక కోలుకోవడం. పూర్తిగా చచ్చిన నరం మళ్ళీ బతకకపోయినా, మొదటి రెండు మూడు రోజుల్లోనే వాంతులు తగ్గుతాయి, కొన్ని వారాల్లో కూర్చున్నప్పుడు తిరుగుడు దాదాపు పోతుంది. చెవి బాగుపడకుండా మనిషి ఎలా బాగుపడ్డాడు? మెదడు కాండంలో రెండు వైపులా సమతౌల్య కేంద్రాలున్నాయి. మొదట చిన్నమెదడు బాగున్న వైపు కేంద్రాన్ని అణచిపెడుతుంది. ఆ తర్వాత కొన్ని రోజుల్లో, చెవి నుంచి ఏ కబురూ అందకపోయినా, దెబ్బతిన్న వైపు కేంద్రంలోని నరకణాలు తమంతట తామే మళ్ళీ సంకేతాలు పుట్టించడం మొదలుపెడతాయి. రెండు పక్కలా సంకేతాలు మళ్ళీ సమానమవుతాయి. తేడా సున్నాకు వస్తుంది, లోకం నిలబడుతుంది.

ఇది ఊహాగానం కాదని 1883లోనే రష్యన్ శాస్త్రవేత్త వ్లదీమిర్ బెఖ్తెరెవ్ జంతువుల్లో చూపించాడు. ఒక వైపు లోపలి చెవిని తీసేసి, ఆ జంతువు కోలుకునేదాకా ఆగి, రెండో వైపుది కూడా తీసేశాడు. ఇప్పుడు రెండు చెవులూ లేవు, కాబట్టి తేడా ఉండకూడదు, తిరుగుడు ఉండకూడదు. కానీ నిస్టాగ్మస్ మళ్ళీ కొత్తగా మొదలైంది, ఎప్పుడో పోయిన మొదటి చెవి ఇంకా బాగానే ఉన్నట్టు. మెదడు ఆ వైపు లోపల కట్టుకున్న కొత్త సంకేతమే అందుకు కారణం. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కట్టిపడేసే పరిశోధన ఇదే. చెవి లేని చోట మెదడు మరో చెవిని కట్టుకున్నంత పని చేసింది.

అయితే ఈ సర్దుబాటు తీర్చేది కదలనప్పటి లెక్కనే. తల కదిలినప్పటి లెక్క వేరు. రోగులు నెలల తరబడి పడే ఇబ్బందంతా అక్కడే ఉంది.

కుడి చెవి పోయిన మనిషి తలను మెల్లగా కుడికి తిప్పితే ఎడమ చెవి సంకేతం 90 నుంచి 70కో 60కో తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టే మెదడు కుడి తిరుగుడును లెక్కగట్టుకుంటుంది. మెల్లని కదలికలకు ఒక్క చెవి చాలు. అదే తలను ఒక్కసారిగా, చురుగ్గా కుడికి తిప్పితే? సంకేతం సున్నాకు పడుతుంది, అంతకంటే కిందికి పోవడానికి చోటు లేదు. పెరగడానికి బోలెడంత జాగా ఉంది, తగ్గడానికి మాత్రం సున్నా దగ్గర నేల తగులుతుంది. ఎక్కువయ్యే సంకేతమే తగ్గే సంకేతం కంటే బలమైనదని 19వ శతాబ్దం చివరలో జర్మన్ శాస్త్రవేత్త ఎవాల్డ్ పావురాల మీద గమనించిన సూత్రం ఇదే. అందుకే దెబ్బతిన్న వైపుకు చురుగ్గా తల తిప్పినప్పుడు కన్ను కావలసినంత ఎదురు తిరగదు, తలతో పాటే కొట్టుకుపోతుంది.

దీన్ని పట్టుకునే పరీక్షను 1988లో ఆస్ట్రేలియాలో హల్మాగ్యి, కర్తోయిస్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించారు. ఏ యంత్రమూ అక్కర్లేదు. వైద్యుడు రోగికి ఎదురుగా కూర్చుని, తల రెండు చేతులతో పట్టుకుని, ‘నా ముక్కు మీదే చూపు పెట్టండి’ అంటాడు. ఎటు తిప్పబోతున్నాడో చెప్పకుండా తలను పది, ఇరవై డిగ్రీలు మాత్రమే, కానీ చటుక్కున తిప్పుతాడు. బాగున్న వైపుకు తిప్పితే కళ్ళు ముక్కు మీద అతికించినట్టే ఉంటాయి. దెబ్బతిన్న వైపుకు తిప్పితే కళ్ళు తలతో పాటు జారి, ఒక క్షణం ఆగి, చిన్న గెంతుతో ముక్కు మీదికి తిరిగొస్తాయి. ఆ గెంతును సకాడ్ అంటారు. అది కనిపిస్తే ఆ చెవి పని చేయట్లేదన్నమాట.

తర్వాత కళ్ళజోడుకు వేగమైన కెమెరా బిగించి, సెకనుకు 250 ఫ్రేముల చొప్పున కంటి కదలికను తీయడం మొదలైంది. అందులో స్పష్టంగా కనిపించింది, కొందరు రోగుల్లో ఈ గెంతు తల ఇంకా తిరుగుతుండగానే జరిగిపోతోందని. మామూలు కంటికి అది దొరకదు, పరీక్ష నార్మల్ అనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ మెదడు నేర్చుకునే పని ఇది: జారిన చూపును తల ఆగేలోపే గుట్టుచప్పుడు కాకుండా సర్దేయడం. గెంతే సమయంలో మెదడు చూపును ఎలాగూ అణచేస్తుంది కాబట్టి రోగికి ఆ మసక కూడా తెలియదు. ‘నాకు పూర్తిగా తగ్గిపోయింది’ అనే మనిషిని కెమెరాతో పరీక్షిస్తే రిఫ్లెక్స్ మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉండవచ్చు. మారింది ఆ లోటును పూడ్చే పద్ధతి. చెవిలోకి నీళ్ళు పోసి చేసే పాత కేలోరిక్ పరీక్ష కూడా ఇంకా వాడుకలో ఉంది. 30 డిగ్రీల చల్లటి నీళ్ళు, 44 డిగ్రీల వెచ్చటి నీళ్ళు ఒక్కో చెవికి విడివిడిగా పోసి నాళం పనితీరు చూస్తారు. దాని వెనకున్న సూత్రాన్ని విప్పిన రాబర్ట్ బారనీకి 1914 నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు.

తల తిప్పే పరీక్షకు ఒక ప్రాణాపాయ కోణం ఉంది, దాన్ని తేలిగ్గా దాటిపోకూడదు. హఠాత్తుగా మొదలై గంటల తరబడి ఆగని తల తిరుగుడు, నిస్టాగ్మస్ ఉన్న మనిషికి ఈ పరీక్షలో ఆ గెంతు కనిపిస్తే అది చాలావరకు ఊరటే. దెబ్బ చెవి నరంలో ఉందన్నమాట. అంత తిరుగుడు ఉండి కూడా పరీక్ష నార్మల్‌గా వస్తే, అప్పుడు భయపడాలి. చెవి బాగానే ఉంది, తప్పు చిన్నమెదడులోనో మెదడు కాండంలోనో ఉండవచ్చు, అంటే స్ట్రోక్. చూసే దిక్కును బట్టి నిస్టాగ్మస్ దిక్కు మారడం, ఒక కన్ను పైకీ ఒకటి కిందికీ ఉండటం కూడా అలాంటి గుర్తులే. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎంఆర్ఐ స్కాన్ కూడా ఈ స్ట్రోక్‌ను కొన్నిసార్లు పట్టుకోలేదు. శిక్షణ ఉన్న వైద్యుడి చేతులే అక్కడ ఎక్కువ నమ్మకం. తిరుగుడుతో పాటు మాట తడబడటం, రెండుగా కనిపించడం, ముఖమో చెయ్యో మొద్దుబారడం, హఠాత్తుగా వినపడకపోవడం, ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ‘చెవి సమస్యేలే’ అని ఇంట్లో ఉండిపోకూడదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

ఇక చికిత్స. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, ఈ జబ్బులో అందరూ మంచి మనసుతో చేసే పొరపాటు. రోగిని పడుకోబెడతారు, కదలొద్దంటారు, తల తిరగడానికి ఇచ్చే మాత్రలు నెలల తరబడి మింగిస్తారు. సినరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటి మందులు మొదటి రెండు మూడు రోజులు వాంతులతో అల్లాడే మనిషికి ఎంతో అవసరం. ఆ తర్వాత కొనసాగితే అవి మెదడును మందగింపజేసి సర్దుబాటునే వెనక్కి లాగుతాయి. జంతువుల ప్రయోగాల్లో, చెవి పోయిన తొలి రోజుల్లో కదలనివ్వకుండా కట్టిపెట్టినవాటికి కోలుకోవడానికి చాలా ఎక్కువ కాలం పట్టింది. కోతుల మీద జరిగిన మరో పరిశోధన ఇంకా వివరంగా చెప్పింది. చీకట్లో ఉంచినా నిస్టాగ్మస్ దానంతటదే తగ్గింది. కానీ తల కదిలినప్పుడు కన్ను సరిగ్గా ఎదురు తిరగడం మాత్రం వెలుతురు చూసేదాకా మెరుగుపడలేదు.

ఎందుకంటే మెదడు నేర్చుకునేది తప్పు నుంచే. తల తిరిగినప్పుడు కన్ను వెనకబడి బొమ్మ రెటీనా మీద జారితే, ఆ జారుడే చిన్నమెదడుకు ‘ఇంత తక్కువైంది, సరిచెయ్’ అనే సమాచారం. తల కదలకపోతే తప్పు పుట్టదు, తప్పు పుట్టకపోతే దిద్దుబాటూ లేదు. అందుకని ఈ వ్యాయామాల్లో ముఖ్యమైనది చూడ్డానికి చాలా చిన్నది: చేతి దూరంలో ఒక అక్షరం పెట్టుకుని, చూపు దాని మీదే ఉంచి, తలను అటూ ఇటూ తిప్పడం, తర్వాత పైకీ కిందికీ. అక్షరం చెదిరీ చెదరనంత వేగం ఉండాలి. సుఖంగా ఉండేంత మెల్లగా చేస్తే లాభం లేదు, కళ్ళు తిరిగి పడిపోయేంత జోరుగా చేసినా లాభం లేదు. అమెరికా ఫిజియోథెరపిస్టుల మార్గదర్శకాల ప్రకారం కొత్తగా వచ్చిన సమస్యకు రోజుకు కనీసం మూడుసార్లు, మొత్తం 12 నిమిషాలు. పాతబడిన సమస్యకు రోజుకు కనీసం 20 నిమిషాల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు. తలను కదలనివ్వకుండా కళ్ళను మాత్రమే తిప్పే వ్యాయామాలు దీనికి పనికిరావని కూడా అవే మార్గదర్శకాలు గట్టిగా చెబుతున్నాయి. కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడటం, మెత్తటి పరుపు మీద నిలబడటం, తల తిప్పుతూ నడవడం వాటితోపాటే సాగాలి, పక్కన పట్టుకునే మనిషిని పెట్టుకుని. మొదట్లో వ్యాయామం చేసిన ప్రతిసారీ కాస్త తిరుగుతుంది. ఆ తిరుగుడు కాసేపట్లో సద్దుమణిగితే భయపడాల్సిన పని లేదు, కానీ ఈ మాట రోగికి ముందే చెప్పాలి. చెప్పకపోతే జబ్బు ముదిరిందనుకుని రెండో రోజే మానేస్తారు.

మెదడుకు కావలసింది స్థిరమైన లెక్క అన్నది మెనియర్స్ వ్యాధిలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ చెవి ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు కుప్పకూలుతుంది. మెదడు ఒక తేడాకు సర్దుకునేలోపు తేడాయే మారిపోతుంది. అందుకే మిగతా మందులకు లొంగని కొందరికి కర్ణభేరి వెనక జెంటామైసిన్ సూది వేసి, ఆ వైపు మిగిలిన సమతౌల్య శక్తిని కావాలనే తగ్గిస్తారు. వినికిడికి కొంత ముప్పు ఉంటుంది, అది రోగితో ముందే మాట్లాడాలి. సగం పనిచేస్తూ మాటిమాటికీ మోసం చేసే చెవి కంటే పూర్తిగా మూగబోయిన చెవితో మెదడు మెరుగ్గా నెట్టుకొస్తుంది. ష్వానోమా గడ్డ మెల్లగా పెరిగి నరాన్ని ఏళ్ళ తరబడి తినేసినవాళ్ళకు పెద్దగా తిరుగుడే రాకపోవడానికీ కారణం ఇదే, రోజుకింత చొప్పున మెదడు సర్దుకుంటూ వచ్చింది. నరం ఇంకా బాగా పనిచేస్తుండగానే ఆపరేషన్ చేయాల్సి వస్తే దెబ్బ ఒక్కసారిగా పడుతుంది. దాన్ని తప్పించడానికి స్వీడన్‌లోని లుండ్ వైద్యులు ఆపరేషన్‌కు ముందే జెంటామైసిన్‌తో ఆ చెవిని నెమ్మదిగా నిద్రపుచ్చి, వ్యాయామాలు చేయించి, మెదడు సర్దుకున్నాక గడ్డ తీసే పద్ధతి పెట్టారు.

బాగా కోలుకున్నవాళ్ళకూ కొన్ని లోట్లు మిగులుతాయి. చీకట్లో ఎగుడుదిగుడు నేల మీద కాలు తడబడుతుంది, ఎందుకంటే పోయిన చెవి పనిని ఇప్పుడు కళ్ళూ పాదాలూ పంచుకున్నాయి, వాటిలో ఒకటి చీకట్లో పనిచేయదు. నీళ్ళలో మునిగితే పైకి ఎటో కిందికి ఎటో తెలియకపోవచ్చు, ఒంటరిగా ఈతకు దిగడం ప్రమాదం. జ్వరం, నిద్రలేమి, మద్యం, మత్తు కలిగించే మందులు ఆ సర్దుబాటును కొన్నాళ్ళు సడలించవచ్చు, పాత తిరుగుడు మళ్ళీ తొంగిచూస్తుంది. అది చాలావరకు కొత్త దెబ్బ కాదు, వ్యాయామాలు మళ్ళీ మొదలుపెడితే సర్దుకుంటుంది. కొందరిలో చెవి లెక్క కుదిరినా మూడు నెలలు దాటాక కూడా ఎప్పుడూ ఊగుతున్నట్టు, జనం మధ్య, రంగురంగుల అరల మధ్య నడుస్తుంటే తేలిపోతున్నట్టు ఉంటుంది. మళ్ళీ పడిపోతానేమోనన్న టెన్షన్‌తో ఒంటిని బిగబట్టుకుని, ప్రతి అడుగూ కళ్ళతో చూసుకుంటూ వేయడం అలవాటై స్థిరపడిపోయిన స్థితి ఇది. దీనికి పర్సిస్టెంట్ పోస్చురల్ పర్సెప్చువల్ డిజ్జినెస్, పొట్టిగా పీపీపీడీ అని పేరుంది, వేరే చికిత్స కూడా ఉంది. ‘అంతా మీ భ్రమ’ అని పంపించేయడం అన్యాయం.

న్యూరైటిస్ తగ్గిన కొన్ని వారాలకో నెలలకో మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిల్లినప్పుడు మాత్రమే, అర నిమిషం పాటు, గిర్రున తిరగడం మొదలైతే అది పాత జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. అదే చెవిలో యుట్రికిల్ మీది సన్నని రాతి పలుకులు ఊడి నాళంలోకి జారితే అలా అవుతుంది. దానికి నెలల వ్యాయామాలూ మాత్రలూ అక్కర్లేదు. తెలిసిన వైద్యుడో ఫిజియోథెరపిస్టో రోగిని పడుకోబెట్టి తలను ఒక వరుసలో కొన్ని భంగిమల్లోకి తిప్పితే పలుకులు నాళంలోంచి బయటికి వచ్చేస్తాయి, చాలామందికి ఒకటి రెండుసార్లలోనే తగ్గిపోతుంది.